యుద్ధవిద్య నాట్యమైన కథ

ఉద్యోగధర్మం మనిషిని ఏ ఊరికి చేరుస్తుందో, ఆ ఊరు అతనికి ఏమి నేర్పుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. మన సంస్థకు కావలసిన యంత్ర విడిభాగాల తనిఖీ నిమిత్తం మేము రెండేళ్ళపాటు జంషెడ్‌పూర్‌లో ఉండవలసి వచ్చినది. ఆ రెండేళ్ళూ మా కాపురం కాసిడీహ్‌లో. సాక్చీ బజారుకు దగ్గరలోని పాత పేట అది. ఉదయం ఖర్కాయి నది వంతెన దాటి ఆదిత్యపూర్ పారిశ్రామికవాడకు వెళ్ళడం, సాయంకాలం తిరిగి రావడం, తెలుగు మాట వినాలనిపించినప్పుడు బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వెళ్ళి కాసేపు కూర్చొనడం, ఇదీ మా దినచర్య. ఉక్కు పరిశ్రమను నమ్ముకొని ఉత్తరాంధ్ర నుండి ఏనాడో తరలివచ్చి అక్కడే స్థిరపడిన కుటుంబాలు ఆ ఊరిలో అనేకం ఉన్నాయి. కనుక మాకు పరాయి ఊరిలో ఉన్నామన్న దిగులు అంతగా కలుగలేదు.

ఒక శ్రీరామనవమి వేళ మా వీధి మీదుగా అఖాడాల ఊరేగింపు సాగినది. ముందు ఎత్తైన జెండాలు, వెనుక నగారాలు, వాటి నడుమ లాఠీలు తిప్పుతున్న యువకులు. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి, ఒకరి దెబ్బను ఒకరు తప్పించుకొంటూ, నగారా జోరుకు అనుగుణంగా అడుగులు వేస్తున్నారు. మా పైవాటాలో ఉండే కాలేజీ కుర్రవాడు మాతోపాటు అరుగు మీద నిలబడి చూస్తూ, “అంకుల్‌జీ, ఇది బ్రెజిల్ వారి కపోయిరా లాగానే ఉన్నది కదా!” అన్నాడు. ప్రక్కనే ఉన్న మా ఇంటి యజమాని నవ్వి, “ఇంజనీర్ సాహెబ్, బ్రెజిల్ దాకా ఎందుకు? చైత్ర పర్వానికి మా సరాయికేలా రండి. కత్తి నాట్యం ఎలా అయినదో మీరే చూస్తారు” అన్నారు. వారి స్వగ్రామం ఆ ప్రాంతమే.

వారిద్దరి మాటలూ మా మనస్సులో నాటుకొన్నాయి. దానికి మరొక కారణం ఉన్నది. మా తాతగారు కోనసీమలో సాముగరిడీ చేసినవారు. తాలింఖానాలో పదిమంది కుర్రవాళ్ళకు కర్రసాము నేర్పినవారు. అమలాపురం దసరా ఉత్సవాలలో చెడీ తాలింఖానా ప్రదర్శనను చూచిన పాఠకులకు ఆ విద్య ఎటువంటిదో వేరుగా చెప్పనక్కరలేదు. మా నాన్నగారు బడి చదువు చదివి గుమాస్తా ఉద్యోగంలో చేరి కర్రను ప్రక్కన పెట్టారు. మాకు అసలు పట్టుకోవడమే రాదు. తాతగారి కర్ర మాత్రం ప్రతి బదిలీలోనూ మా సామానుతోపాటు వచ్చినది. ఒక ఊరిలో దోమతెర కట్టుకొనడానికి, మరొక ఊరిలో బట్టలు ఆరవేసుకొనడానికి అది ఉపయోగపడుతూ వచ్చినది.

సముద్రం దాటిన విద్య

ముందుగా ఆ కుర్రవాడు చెప్పిన కపోయిరా సంగతి చూద్దాము. 16వ శతాబ్దం నుండి 19వ శతాబ్దం వరకు ఆఫ్రికా నుండి బ్రెజిల్‌కు సుమారు 48 లక్షల మందిని బానిసలుగా తరలించారని చరిత్రకారుల అంచనా. చెరకు తోటలలో, బంగారు గనులలో, కాఫీ తోటలలో, రేవు పట్టణాల వీధులలో వారి చేత వెట్టిచాకిరీ చేయించారు. వారిలో అంగోలా, కాంగో ప్రాంతాల వారు అధికులు. తమతో ఒక్క వస్తువునైనా తెచ్చుకొనే స్వేచ్ఛ వారికి లేదు. వారు తెచ్చుకొనగలిగినది శరీరానికి తెలిసిన విద్య ఒక్కటే. అడుగు, లయ, పాట, పోరు కలగలసిన ఆ విద్య నుండే బ్రెజిల్ గడ్డ మీద కపోయిరా రూపొందినది.

యజమానుల కళ్ళు కప్పడం కోసం బానిసలు పోరాట విద్యకు నాట్యం ముసుగు వేశారన్న కథ బహుళ ప్రచారంలో ఉన్నది. వినడానికి అందమైన కథ. కాని చరిత్రకారులు దీనిని యథాతథంగా అంగీకరించరు. పోరు వేరు, ఆట వేరు, పూజ వేరు అని గీతలు గీసుకొనే అలవాటు ఆ ఆఫ్రికా జాతుల వారికి మొదటినుండీ లేదు. వారి సంబరాలలో ఈ మూడూ కలిసే ఉండేవి. మన గ్రామదేవతల జాతరలలో గరగలు, కత్తిసాము, డప్పు కలిసి సాగడం ఎరిగిన మనకు ఇది ఆశ్చర్యం కాదు. 1835లో జర్మన్ చిత్రకారుడు రూగెండాస్ ప్రచురించిన చిత్రంలో ఇద్దరు ఎదురెదురుగా ఆడుతుండగా ఒకడు డోలు వాయిస్తాడు, చుట్టూ జనం ఉత్సాహంగా చూస్తుంటారు. పోరాటాన్నీ నాట్యాన్నీ విడదీయలేని దృశ్యమది.

కపోయిరాను ఆడేవారు వలయంగా నిలబడతారు. ఈ వలయానికి రోడా అని పేరు. ఇద్దరు మాత్రమే మధ్యకు వస్తారు. ఒక కాలు వెనుకకు, మరల ముందుకు, ప్రక్కకు ఊగుతూ వేసే మూలమైన అడుగును జింగా అంటారు. ఆ ఊగిసలాటలో నుండే తన్ను వస్తుంది, తప్పుకొనడం వస్తుంది, చేతుల మీద తలక్రిందులుగా లేవడం వస్తుంది. ఎదుటివానిని కొట్టి పడగొట్టడం కంటె, కొట్టగలిగి ఉండియు కొట్టక విడిచిపెట్టడం గొప్ప నైపుణ్యంగా ఎంచబడుతుంది. వారు దీనిని పోరాడడం అనరు, ఆడడం అంటారు.

ఈ ఆటను నడిపించేది బెరింబావ్ అనే వాద్యం. ఇంజనీరుగా మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించినది అదే. బిరిబా వంటి వంగే కర్రను విల్లుగా వంచి ఉక్కు తీగ బిగిస్తారు. క్రింది భాగాన ఎండిన బుర్రను కడతారు. సన్నని పుల్లతో తీగను కొడుతూ, ఒక నాణేన్ని గాని రాయిని గాని తీగకు ఆనించి శ్రుతి మారుస్తారు. బుర్ర నోటిని పొట్టకు ఆనించి, దూరం జరిపి నాదాన్ని పెంచుతారు, తగ్గిస్తారు. ఆ తీగ సాధారణంగా పాత టైరు అంచులో నుండి తీసినదే! లోహశాస్త్ర పాఠాలలో తన్యత గురించి ఎన్నో లెక్కలు చేసిన మాకు, పారవేసిన టైరులోని ఉక్కు ఒక జాతి గుండెచప్పుడుగా మారినదన్న సంగతి తెలియకపోవడం చిన్నతనంగా తోచినది. గుర్రపు దళం పోలీసులు వస్తున్నారని హెచ్చరించే ప్రత్యేకమైన వాయింపు ఒకటి ఉండేదట. దానిని నేటికీ ‘కవలరియా’ అనే పేరుతో వాయిస్తారు.

ఆ హెచ్చరిక అవసరమైన రోజులు నిజంగానే ఉండేవి. బ్రెజిల్‌లో బానిసత్వం 1888 మే 13న రద్దయినది. అమెరికా ఖండాలలో ఆ దురాచారాన్ని చివరగా విడిచిన దేశం అదే. స్వేచ్ఛ లభించిన రెండేళ్ళకే, 1890 శిక్షాస్మృతిలో, వీధులలో కపోయిరా ఆడడం నేరమైనది. రెండు నుండి ఆరు నెలల ఖైదు శిక్ష. ముఠా నాయకులకు రెట్టింపు. రియో నగరంలో పట్టుబడిన వారిలో పలువురిని ఫెర్నాండో ది నొరోన్యా దీవికి ప్రవాసం పంపారు. మనిషికి విముక్తి దొరికినది గాని అతని ఆటకు దొరకలేదు.

ఆ విద్యకు గౌరవస్థానం సంపాదించినవారు ఇద్దరు గురువులు. బింబా అనే పేరుతో ప్రసిద్ధుడైన మనుయేల్ దోస్ రేయిస్ మషాదో 1932లో సాల్వడార్ నగరంలో పాఠశాల తెరిచాడు. నిషిద్ధమైన కపోయిరా అనే పేరు పెట్టక, బహియా ప్రాంతపు పోరాట విద్య అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. చదువో ఉద్యోగమో ఉన్నవారినే శిష్యులుగా స్వీకరించాడు. 1937లో ఆ పాఠశాలకు అధికారిక గుర్తింపు వచ్చినది. 1953లో దేశాధ్యక్షుడు వర్గాస్ ఎదుట ఆయన ప్రదర్శన ఇచ్చాడు. రెండవవాడు వైసెంచి ఫెరైరా పస్తీన్యా. పాత సంప్రదాయమైన అంగోలా పద్ధతిని మార్చకుండా నిలపాలని 1941లో తన కేంద్రాన్ని స్థాపించాడు. 2014లో యునెస్కో కపోయిరా వలయాన్ని మానవాళి వారసత్వ సంపదల జాబితాలో చేర్చినది.

కాని ఆ గురువుల అంత్యకాలం మాట చెప్పక తప్పదు. సొంత నగరంలో తగిన ఆదరణ లేదని బింబా 1973లో గోయానియాకు వెళ్ళిపోయి, మరుసటి ఏడు అక్కడే కన్నుమూశాడు. పస్తీన్యా పాఠశాల నడిచిన భవనాన్ని 1970వ దశకం ఆరంభంలో పునరుద్ధరణ పేరిట ఖాళీ చేయించారు. అది తిరిగి ఆయన చేతికి రాలేదు. చూపు పోయి, పేదరికంలో, 1981లో ఆయన మరణించాడు. విద్యకు బిరుదులు వచ్చినంత త్వరగా విద్య నేర్పినవానికి అన్నం రాలేదు.

ఖర్కాయి ఒడ్డున

చైత్ర మాసం చివరి రోజులలో, ఏప్రిల్ నడిమిన, మా యజమానిగారితో కలిసి సరాయికేలాకు బయలుదేరాము. జంషెడ్‌పూర్ నుండి సుమారు 40 కిలోమీటర్లు. మేము రోజూ దాటే ఖర్కాయి నదే ఆ ఊరి ప్రక్కనా ప్రవహిస్తున్నది. చైత్ర పర్వం శివారాధన. వ్రతదీక్ష పట్టిన భక్తులు నది నుండి ఘటాలను ఊరేగింపుగా తెస్తారు. ఆ పర్వంలో భాగంగా రాత్రివేళ జరిగే నాట్యమే ఛౌ.

ఛౌ మూడు విధాలు. జార్ఖండ్‌లోని సరాయికేలా, పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా, ఒడిశాలోని మయూర్‌భంజ్ వాటి స్థానాలు. మొదటి రెండింటిలో ముఖానికి ముసుగు ఉంటుంది, మూడవదానిలో ఉండదు. ఛౌ అన్న పేరు నీడ అనే అర్థంగల ఛాయ నుండి వచ్చినదని కొందరు, సైనిక శిబిరమనే అర్థంగల ఛావనీ నుండి వచ్చినదని మరికొందరు అంటారు. కపోయిరా పేరు కూడా ఇటువంటిదే. నరికిన అడవిలో మరల మొలిచిన పొదలను తెలిపే తూపీ భాష మాట అని ఒక వాదం, వేరు వాదాలూ ఉన్నాయి. రెండు విద్యల పేర్లూ నేటికీ తేలని లెక్కలే.

పేరు సంగతి ఎలా ఉన్నా, పుట్టుక సంగతి ఆ ఊరిలో ఎవరిని అడిగినా చెప్తారు. సరాయికేలా ఛౌ నేర్చుకొనేవాడు మొదట అభ్యసించవలసినది పరీఖండా. పరి అంటే డాలు, ఖండా అంటే కత్తి. సంస్థానపు సిపాయిలు నదీతీరాన వేకువజామున చేసిన సాధన అది. ఒక చేత డాలు, మరొక చేత కత్తి పట్టి, బరువును ఒక కాలి నుండి మరొక కాలికి మార్చే ఆ నడకలే నాట్యానికి పునాది. వాటిపైన పులి, లేడి, కొంగ మొదలైనవాటి గతులు చేరాయి. అన్నింటికంటె మమ్మల్ని ఆనందింపజేసినవి ఉఫ్లీలు అనే కదలికలు. పేడతో ఇల్లు అలకడం, వాకిలి ఊడ్వడం, బొట్టు పెట్టుకొనడం వంటి ఇంటి పనులను అవి పాదాలతోనూ మోకాళ్ళతోనూ చూపిస్తాయి. కత్తి పట్టిన సిపాయి అడుగులో ఇల్లాలి పనికి కూడా చోటు దొరకడం ఎంత విచిత్రం!

ముసుగు వేసుకొన్న నర్తకునికి మాట లేదు, పాట లేదు, ముఖంలో భావం చూపే వీలు లేదు. మెడ వాలు, భుజం కదలిక, కాలి విసురుతోనే సమస్తం చెప్పాలి. ఆ రాత్రి మేము ‘మయూర్’, ‘నావిక్’, ‘రాత్రి’ అనే అంశాలు చూచాము. ముసుగుకు కన్నుల దగ్గర, ముక్కు దగ్గర ఉన్న సన్నని రంధ్రాలే నర్తకునికి వెలుతురూ గాలీ. అందుచేత ఒక్కొక్క అంశం పది నిమిషాలకు మించి సాగదు. నెమలి ఆడిన యువకుడు తెర వెనుకకు వచ్చి ముసుగు తీయగానే, చెమటతో తడిసిన ముఖాన్ని ఆకాశం వైపు ఎత్తి గట్టిగా ఊపిరి పీల్చుకొనడం కనిపించినది. అంతసేపూ మాకు ఎదుట కనిపించినది ప్రశాంతమైన చిరునవ్వు ముఖమే. నది మన్నుతో అచ్చు తీసి, కాగితం, గుడ్డ పొరలు పొరలుగా అతికి, లేత రంగులు వేసి చేసే ఆ ముసుగుల పనితనం ప్రత్యేకంగా పరిశీలించదగినది.

ఈ విద్యకు నేటి సుకుమార రూపం ఇచ్చినవారు సరాయికేలా రాజవంశీయులు. మహారాజా ఆదిత్య ప్రతాప్ సింగ్ దేవ్ కాలంలో ఆయన సోదరుడు విజయ్ ప్రతాప్ సింగ్ దేవ్ నూతన అంశాలు కూర్చాడు. రాజకుమారులు స్వయంగా ముసుగు ధరించి సామాన్యులతో కలిసి ఆడారు. 1938లో ఈ బృందం ఐరోపాలో పర్యటించినది. 1948లో సంస్థానం విలీనం కావడంతో రాజపోషణ తగ్గిపోయినది. 1960వ దశకం ఆరంభంలో ప్రభుత్వం అక్కడ ఛౌ శిక్షణ కేంద్రాన్ని నెలకొల్పినది. 2010లో యునెస్కో ఛౌను తన జాబితాలో చేర్చినది. ఒకప్పుడు పురుషులకే పరిమితమైన ఈ నాట్యాన్ని నేడు బాలికలూ నేర్చుకొంటున్నారు.

డోలు ప్రక్కన ఖాళీ

మరునాటి ఉదయం ఛౌ వాద్యకారులలో ఒక వృద్ధునితో మాట్లాడే అవకాశం కలిగినది. ఛౌకు ఢోల్, నగారా, షహనాయి వాయించేవారు తరతరాలుగా ముఖీ, కాళింది మొదలైన కులాలవారు. వాద్యాలను తయారు చేసేదీ వారే. రాజు ఆడినా, రైతు ఆడినా వారి ఢోల్ లేనిదే కాలు కదలదు. బిరుదుల పట్టికలలో వారి పేర్లు అరుదుగా కనబడతాయి. ఆ పెద్దాయన మాతో మాట్లాడుతూ, నిన్న రాత్రి తన ప్రక్కన వాయించవలసినది తన కుమారుడని, రాలేకపోయాడని అన్నాడు. అతడు ఆదిత్యపూర్‌లో కాంట్రాక్టు కార్మికుడు. ఆ వారమంతా రాత్రి షిఫ్టు. అత్యవసరమైన ఆర్డరు ఏదో ఉన్నదని సెలవు ఇవ్వలేదట.

మేము మాట్లాడలేకపోయాము. ఆ వారమంతా ఆదిత్యపూర్‌లోని ఒక కర్మాగారం వారికి రోజూ ఫోను చేసి, మన సరుకు గడువులోగా పంపవలసినదేనని గట్టిగా చెప్తూ వచ్చినది మేమే. ఆ కుర్రవాడు పనిచేసేది ఆ కర్మాగారంలోనేనా అని అడగడానికి మాకు నోరు రాలేదు. అడిగి ఉండవలసినది. అది కాకపోయినా, అటువంటి మరొకటి అయి ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో ఖర్కాయి వంతెన మీద మాకు తోచిన మాట ఇది. కపోయిరాను చట్టం నిషేధించినది, ఛౌను సింహాసనం లాలించినది. రెండింటి దారులూ ఇంత వేరు. అయినా రెండూ బ్రతికినది ఒకే విధంగా. ఎవరో ఒకరు మరొకరికి, శరీరం నుండి శరీరానికి, ఓపికగా నేర్పడం వలన. యుద్ధం పోయినది, సంస్థానం పోయినది, తోటల యజమానులు పోయారు. అడుగు మిగిలినది. ఆ అడుగుకు నిజమైన ప్రమాదం చట్టం వలన కాదు, రాజు లేకపోవడం వలన కాదు. నేర్పేవాడు ఉండి, నేర్చుకొనేవానికి తీరిక లేకపోవడం వలన. మా ఇంట జరిగినదీ అదే. మా తాతగారి విద్యను ఎవరూ నిషేధించలేదు. మేమే తీరిక చేసుకొనలేదు.

కర్ర మరల చేతికి

కాసిడీహ్ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తాతగారి కర్రను లారీలో వేయలేదు. రైలులో మాతోనే తెచ్చుకొన్నాము. ఆ వేసవి సెలవులలో కోనసీమకు వెళ్ళి, ఎనభై ఏళ్ళు దాటిన మా చిన్నాన్నగారి ముందు ఆ కర్రను ఉంచాము. ఆయన దానిని చూచి, “ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందట్రా?” అన్నారు. చిన్నతనంలో తాతగారి వద్ద నేర్చినవాటిలో మొదటి నాలుగు అడుగులు మాత్రం ఆయనకు జ్ఞాపకమున్నాయి. మోకాళ్ళ నొప్పి వలన ఒక చేత్తో స్తంభం పట్టుకొని, మరొక చేత్తో కర్ర తిప్పుతూ ఆ నాలుగూ చూపించారు. మా అమ్మాయి ఆ నాలుగింటినీ సెల్‌ఫోనులో వీడియో తీసినది. తీసి ఊరుకొనక, తానూ కర్ర పట్టుకొని ఆయన వెనుక నిలబడినది. తక్కిన అడుగులు ఎవరి వద్దనైనా దొరుకుతాయేమోనని వెదుకుతున్నాము.

మన కాలనీలో ఎన్నో జిల్లాల, ఎన్నో రాష్ట్రాల కుటుంబాలు ఉన్నాయి. కర్రసాము తెలిసిన తాతలు, కోలాటం తెలిసిన అమ్మమ్మలు, డప్పు తెలిసిన కాంట్రాక్టు కార్మికులు మన మధ్యనే తిరుగుతున్నారు. వార్షికోత్సవ వేదిక మీద వారికి అయిదు నిమిషాలు ఇవ్వడం మంచిదే. అంతకంటె మంచిది, మన పిల్లలను వారి వద్ద ఒక వేసవి కూర్చోబెట్టడం. పండుగ రాత్రి ఢోల్ వాయించవలసిన చేతులకు ఆ ఒక్క రాత్రి సెలవు దొరికేటట్లు చూడడం కూడా ఇంజనీర్లమైన మా చేతిలోని పనే. మన షెడ్యూలులో ఒక్క రోజు సర్దుబాటు కాని యంత్రాన్ని ఈ ముప్పై ఏళ్ళ సర్వీసులో మేము చూడలేదు.